తనిఖీకి ఒక ఫైలు, పనివారికి ఒక ఫైలు: చిత్తూరు గుజ్జు కర్మాగారంలో స్లయిడ్ల శిక్షణపై కేస్ స్టడీ

నేపథ్యం

దేశంలో మామిడి గుజ్జు తయారీకి పేరుపడ్డ ప్రాంతాలు ప్రధానంగా రెండు. ఒకటి చిత్తూరు, రెండోది తమిళనాడులోని కృష్ణగిరి. ఇక్కడి కర్మాగారాలు ఎక్కువగా ఆడేది తోతాపురి కాయనే. జూన్‌లో కాయ దిగడం మొదలైతే ఆగస్టు దాకా కర్మాగారం రాత్రింబగళ్లు నడుస్తుంది. ఆ కొద్ది వారాల కోసం చుట్టుపక్కల పల్లెల నుంచి, సరిహద్దు అవతల గుడియాత్తం వైపు నుంచి కూడా మేస్త్రీల ద్వారా పనివారు వస్తారు. వారిలో ఎక్కువమంది ఆడవాళ్లు. కొందరికి ఇది ఏటా చేసే పని, కొందరు మొదటిసారి గేటు లోపలికి అడుగుపెట్టినవారు. వీరందరికీ పని మొదలుకాకముందే ఆహార పరిశుభ్రతపై శిక్షణ ఇవ్వాలి. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద 2011లో వచ్చిన లైసెన్సింగ్ నిబంధనల నాలుగో షెడ్యూలు పనివారి వ్యక్తిగత శుభ్రత, ఆరోగ్య పరీక్ష, శిక్షణ మూడింటినీ కోరుతుంది. విదేశాలకు గుజ్జు పంపే చోట కొనుగోలుదారులు పంపే ఆడిటర్లు కూడా శిక్షణ రికార్డులు అడిగి చూస్తారు.

తిరుపతిలో ఉంటూ కర్మాగారాల్లో శిక్షణ ఇచ్చే పనిలో ఉన్న నన్ను చిత్తూరుకు దగ్గరలోని ఒక మధ్యస్థాయి గుజ్జు కర్మాగారం ఇందుకోసమే పిలిచింది. వారు అడిగింది చిన్న పనే. ఉన్న స్లయిడ్లను తెలుగులోకి మార్చి, పనివారు నిద్రపోకుండా వినేట్టు చెప్పాలి. ఆ స్లయిడ్లను మార్చడం కాక పక్కన పెట్టవలసి వచ్చింది. ఎందుకు పక్కన పెట్టామో, వాటి చోట ఏవి వచ్చాయో, గదిలోనూ లైన్ మీదా ఏం జరిగిందో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. కర్మాగారం పేరు, పనివారి పేర్లు ఎక్కడా రాయడం లేదు.

ఆ ఫైలు ఎవరి కోసం తయారైంది?

పాత ఫైలులో 60కి పైగా స్లయిడ్లు ఉన్నాయి, అన్నీ ఇంగ్లీషులో. ఆహారంలో ప్రమాదాలను ముందే గుర్తించి అదుపుచేసే హాసప్ (HACCP) పద్ధతి ఏడు సూత్రాలు, నిబంధనల క్లాజు నంబర్లు, ఒక్కో స్లయిడ్‌పై చిన్న అక్షరాల్లో పదీ పన్నెండు వాక్యాలు, మూలన కంపెనీ లోగో, నీలం టోపీలు పెట్టుకుని నవ్వుతున్న ఎవరో విదేశీ పనివారి ఫోటోలు. సీజన్ ముందు క్యాంటీన్‌లో అందరినీ ఒకేసారి కూర్చోబెట్టి, క్వాలిటీ విభాగం అధికారి ఒక్కో వాక్యాన్నీ చదివి తెలుగులో చెప్పేవారు. చివర రిజిస్టరులో సంతకాలు, వేలిముద్రలు తీసుకునేవారు. ఆ ఫైలును తయారుచేసినవారు శ్రద్ధగానే చేశారు. నిబంధనల్లో ఏ ఒక్క అంశాన్నీ వదలలేదు. నిజానికి ఆడిటర్ ముందు పెడితే దానికి మంచి మార్కులే పడతాయి.

అయితే అంతకుముందు సీజన్లలో పనిచేసిన కొందరితో లైన్ దగ్గరే నిలబడి మాట్లాడినప్పుడు వేరే విషయం బయటపడింది. "మీరు నిలబడే చోట తప్పకుండా చేయవలసింది ఒకటి, ఎప్పుడూ చేయకూడనిది ఒకటి చెప్పండమ్మా" అని అడిగాను. కాయ ఏరే బెల్టు దగ్గరి ఆమె, కడిగే తొట్టి దగ్గరి ఆమె, నింపిన డ్రమ్ములకు మూతలు బిగించే అబ్బాయి, ముగ్గురూ ఒకే మాట చెప్పారు: "శుభ్రంగా ఉండాల సార్." శిక్షణ నుంచి వారికి మిగిలింది ఆ ఒక్క మాట. మూడు చోట్లా చేయవలసిన పని వేరు, ప్రమాదం వేరు, చూడవలసింది వేరు. ఆ తేడా ఏదీ వారిదాకా చేరలేదు.

దీనికి పనివారి చదువు తక్కువ కావడం కారణమని చెప్పడం చాలా సులభం, చాలామంది అదే చెబుతారు కూడా. నేను ఒప్పుకోను. తెరమీద ఒక భాషలో వాక్యాలు, చెవిలో ఇంకో భాషలో మాటలు, పక్కన విషయంతో సంబంధం లేని ఫోటో, ఈ మూడింటినీ ఒకేసారి అందుకోమంటే పట్టభద్రుడైనా అలసిపోతాడు. మనిషి ఒక క్షణంలో మనసులో పట్టి ఉంచుకోగలిగేది చాలా కొద్ది. విద్యా మనోవిజ్ఞాన శాస్త్రవేత్త జాన్ స్వెల్లర్ 1988 నుంచి అభివృద్ధి చేసిన గ్రహణభార సిద్ధాంతం ఈ పరిమితి మీదే నిలబడింది. కాలిఫోర్నియాకు చెందిన మనోవిజ్ఞాన శాస్త్రవేత్త రిచర్డ్ మేయర్ తన ప్రయోగాల్లో ఇంకో సంగతి కూడా చూపించారు. బొమ్మ చూపిస్తూ మాటల్లో వివరించినప్పటికంటే, అదే బొమ్మకు అదే మాటలను తెరమీద రాసి మరీ చదివినప్పుడు విన్నవారికి తక్కువ అర్థమవుతుంది. కళ్లు అక్షరాల వెంట పోతే బొమ్మ చూసేదెవరు? పాత ఫైలులో జరిగింది సరిగ్గా ఇదే.

అందుచేత నేను యాజమాన్యానికి చెప్పిన మొదటి మాట, తనిఖీకి చూపే పత్రమూ పనివారికి చూపే స్లయిడ్లూ ఒకటే కాకూడదని. మేనేజరు గారి భయం న్యాయమైనదే. "రేపు ఆడిటర్ అడిగితే ఏం చూపిస్తాం?" అన్నారు. ఆ ప్రశ్నకు జవాబు లేకుండా కొత్త స్లయిడ్లు ఎంత బాగా చేసినా రెండో ఏడాదికి పాత ఫైలే తిరిగి వస్తుంది. మేము చేసిన ఏర్పాటు చాలా సాదాసీదాది. పవర్‌పాయింట్‌లో ప్రతి స్లయిడ్ కింద నోట్స్ రాసుకునే చోటు ఉంటుంది. అది చెప్పేవారికే కనిపిస్తుంది, తెరమీదికి రాదు. ప్రతి స్లయిడ్ నోట్స్‌లో ఆ స్లయిడ్ ఏ నిబంధనకు చెందిందో, పనివారి నుంచి ఏ జవాబు రావాలో, రాకపోతే ఏం వివరించాలో పూర్తి వాక్యాల్లో రాశాం. నోట్స్ పేజీలుగా ముద్రిస్తే పైన బొమ్మ, కింద నిబంధనతో సహా వివరణ ఉన్న పత్రం తయారవుతుంది. ఆడిటర్ చేతికి అది వెళ్తుంది. తెరమీద పనివారికి బొమ్మ, ఒక ప్రశ్న మాత్రమే కనిపిస్తాయి.

వారి లైన్, వారి కాయ

కొత్త స్లయిడ్లలో ఒక్కటి కూడా ఇంటర్నెట్ నుంచి తెచ్చిన ఫోటో పెట్టకూడదని మొదటే నిర్ణయించుకున్నాం. పాత ఫైలులోని బెల్టు ఫోటో చూపినప్పుడు ఏళ్లుగా అక్కడ పనిచేస్తున్న ఒక పెద్దామె అన్న మాటే ఇందుకు కారణం: "ఇది మా బెల్టు కాదు సార్. మా బెల్టుకు పక్కన కొళాయి ఉండాది." ఆమెకు ఆ ఫోటోలో కనిపించినది వేరేవాళ్ల సంగతి. వేరేవాళ్ల సంగతిని ఎవరైనా మర్యాదగా విని వదిలేస్తారు.

కాబట్టి వారి బెల్టును, వారి తొట్టిని, వారి కొళాయిని, వారు తొడుక్కునే కోటును ఫోటోలు తీశాం. మామూలు ఫోన్ కెమెరా సరిపోయింది. అయితే ఒక నియమం పెట్టుకున్నాం. తప్పు పద్ధతిని చూపే ఫోటోలో ఏ కార్మికురాలి ముఖమూ, గుర్తుపట్టగలిగే చేయీ ఉండకూడదు. తప్పు చూపే ఫోటోలన్నిటిలోనూ సూపర్‌వైజర్లే తమ చేతులు పెట్టారు. తోటివారందరి ముందు ఒకరి పొరపాటు తెరమీద వేస్తే ఆ మనిషి మళ్లీ నోరు విప్పదు, ఆమె పక్కన కూర్చున్నవారు కూడా విప్పరు. సూపర్‌వైజరు చేయి ఉన్నప్పుడు మాత్రం "అన్నా, అది నీ వాచీయే కదా!" అంటూ నవ్వుకుని, ఆ వెంటనే తప్పు ఎక్కడుందో చెప్పడం మొదలుపెట్టారు.

ఒక స్లయిడ్‌ను దగ్గరగా చూపిస్తే మిగతావి ఎలా ఉన్నాయో అర్థమవుతుంది. కాయ ఏరే బెల్టు స్లయిడ్‌పై స్టీలు బల్ల మీద వరుసగా పెట్టిన ఆరు తోతాపురి కాయలు ఉంటాయి, ఒక్కోదాని కింద పెద్ద అంకె. మొదటిది చక్కగా మాగిన కాయ. రెండోది ఇంకా పచ్చిగా గట్టిగా ఉన్నది. మూడోదాని తొడిమ చుట్టూ నల్లగా మారింది. నాలుగోదానిపై సొన కారి ఎండిన మరకలు. ఐదోది ఒకపక్క మెత్తబడింది. ఆరోది పగిలి రసం కారుతోంది. పైన ఒకే ప్రశ్న: "ఏవి లోపలికి పోతాయి?" జవాబు నోటితో చెప్పనక్కరలేదు, కాయ అంకెను వేళ్లతో చూపాలి. తెలుగు చదవలేనివారు, తమిళం మాత్రమే వచ్చినవారు కూడా ఇందులో పాల్గొనగలిగారు. ముందు వరుసలోని ఇద్దరు ముగ్గురే అన్నిటికీ జవాబు చెప్పి, మిగతావారు తలలూపే పద్ధతి కూడా దీనితో పోయింది.

మొదటి కాయ దగ్గర అందరి వేళ్లూ ఒక్కటే. నాలుగో కాయ దగ్గర గది రెండుగా చీలింది. సొన మరక చూసి సగంమంది తీసిపారేస్తామన్నారు. ఆ మరక తొక్క మీదే ఉంటుంది, లోపలి కండకు ఏమీ కాదు. అలాంటి కాయను పారేయడం కర్మాగారానికి వట్టి నష్టం. దానికి భిన్నంగా మూడో కాయ చూడటానికి పెద్దగా చెడినట్టు కనిపించదు, కాని తొడిమ దగ్గర మొదలైన కుళ్లు లోపలికి దిగుతూ పోతుంది. అది గుజ్జులో కలిస్తే ఆ వాసన, చేదు ఎంత వేడి చేసినా పోవు. ఈ రెండు కాయలనూ తర్వాతి స్లయిడ్‌లో నిలువుగా కోసి చూపించాం. ఒకదాని కండ బంగారు రంగులో ఉంది, రెండోదానిలో తొడిమ నుంచి టెంకదాకా గోధుమరంగు చార దిగింది. ఆ స్లయిడ్‌పై ఒక్క అక్షరం కూడా లేదు, అవసరమూ పడలేదు.

అసలు చర్చ ఐదో కాయ దగ్గర జరిగింది. "మా షిఫ్టులో మెత్తబడింది కోసేసి పంపిస్తాం సార్" అని ఒకామె అంటే, "మాకు పారేయమన్నారే!" అని వెనకనుంచి ఇంకొకామె అందుకుంది. ఇద్దరూ చెప్పినది నిజమే. పగటి షిఫ్టుకు ఒక పద్ధతి, రాత్రి షిఫ్టుకు ఇంకో పద్ధతి నడుస్తోందన్న సంగతి అప్పటిదాకా క్వాలిటీ విభాగానికి తెలియదు. పాత ఫైలులో దీనికి సంబంధించిన వాక్యం ఉంది, "దెబ్బతిన్న కాయలను తొలగించాలి" అన్నదే ఆ వాక్యం, ఎంత దెబ్బ అన్నది మాత్రం ఎవరికి వారు నిర్ణయించుకున్నారు. క్వాలిటీ అధికారి గదిలోనే ఉండటం వల్ల అక్కడికక్కడే తేల్చారు. తొక్క చిట్లితే పారేయాలి, తొక్క చెక్కుచెదరకుండా ఒకపక్క మాత్రమే నలిగితే పక్కనున్న కోత బల్లకు పంపాలి. ఆ సాయంత్రమే అదే ఫోటోను ఫ్లెక్సీ మీద ముద్రించి, రెండు షిఫ్టులవారికీ కనిపించేట్టు బెల్టు పైన కట్టారు. క్యాంటీన్‌లో చూసిన బొమ్మే పనిచోట కళ్లెదుట ఉండటం ఎంత ఉపయోగమో ఇక్కడ తెలిసింది. తర్వాత మిగతా చోట్లకూ అలాంటి ఫ్లెక్సీలు వారే అడిగి వేయించుకున్నారు.

కడిగే తొట్టి స్లయిడ్ కూడా ఇలాంటిదే, క్లుప్తంగా చెబుతాను. ఒకే తొట్టి నీళ్లను ఉదయం, మధ్యాహ్నం తీసిన రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి "ఎప్పుడు మార్చాలి?" అని అడిగాం. నీటిలో మట్టి, ఆకులు, రసం పెరిగేకొద్దీ అందులో కలిపిన క్లోరిన్ వాటికే ఖర్చయిపోతుంది. పైగా మట్టిలో ఉండే ఆలిసైక్లోబాసిల్లస్ అనే బ్యాక్టీరియా బీజకణాలు పుల్లటి రసాల్లో పాశ్చరైజేషన్ వేడిని కూడా తట్టుకుని బతుకుతాయి. "తర్వాత ఎట్లాగూ వేడి చేస్తారు కదా" అనే ధీమా ఉన్నవారికి ఈ ఒక్క కారణం చెప్పడం చాలా అవసరం. కారణం తెలిసిన మనిషి పక్కన సూపర్‌వైజరు లేకున్నా పని సరిగ్గా చేస్తుందన్నది నా గట్టి నమ్మకం.

గాజుల స్లయిడ్

ఈ శిక్షణలో అన్నిటికంటే ముందుగా నేను సిద్ధపడింది గాజుల విషయానికే. పాత ఫైలులో "ఆభరణాలు నిషిద్ధం" అని ఒక పంక్తి, దాని పక్కన ఎర్రటి అడ్డగీత వేసిన ఉంగరం బొమ్మ ఉన్నాయి. మన ప్రాంతంలో పెళ్లయిన ఆడమనిషిని చేతి గాజులు తీసి రమ్మనడం ఉంగరం తీయమన్నట్టు కాదు. ఏటా ఈ నియమం రిజిస్టరులో ఉండేది, లైన్ మీద ఉండేది కాదు.

కొత్త స్లయిడ్‌పై పసుపుపచ్చటి గుజ్జు పోసిన స్టీలు పళ్లెం, అందులో ఒక ఆకుపచ్చ గాజు ముక్క. కింద మూడు చిన్న ఫోటోలు, మూడూ వారి కర్మాగారంలోనివే: అయస్కాంతం, లోహాన్ని పట్టే యంత్రం, గుజ్జును వడకట్టే ఫినిషర్ జల్లెడ. ప్రశ్న: "ఈ ముక్కను ఏది పట్టుకుంటుంది?" ఎక్కువమంది రెండు వేళ్లు చూపారు, అంటే లోహం పట్టే యంత్రం. అప్పుడు ఒక్కొక్కటే తీసుకుని మాట్లాడుకున్నాం. అయస్కాంతం ఇనుమునే లాగుతుంది. లోహాన్ని పట్టే యంత్రానికి గాజు కనిపించదు, కాబట్టి గంట మోగదు. జల్లెడ పెద్ద ముక్కను ఆపుతుంది కాని, కాయను గుజ్జు చేసే పల్పర్ యంత్రం లోపల రెక్కల దెబ్బకు నలిగి జల్లెడ కన్నం కంటే చిన్నదైపోయిన ముక్కను ఆపలేదు. అంటే ఆ ముక్కను పట్టుకోగలిగేది చేతికి గాజు లేకపోవడం ఒక్కటే. ఆ గుజ్జుతో చేసిన రసం తాగేది పసిపిల్లలని వేరే చెప్పనక్కరలేకపోయింది, వారే అన్నారు.

నియమం వెనక ఉన్న కారణం తెలిశాక అసలు అడ్డంకి బయటికి వచ్చింది. "తీసి యాడ పెట్టేది సార్? పోయినేడు కమ్మలు పోయినాయి" అని వెనక వరుసలో ఒకామె అడిగింది. గాజులు తీయడానికి వారి అభ్యంతరం ఆచారం గురించి మాత్రమేనని యాజమాన్యం అన్నాళ్లూ అనుకుంటూ వచ్చింది. కోటు మార్చుకునే గదిలో తాళం వేసే పెట్టెలు లేవు. కొక్కేనికి తగిలించిన సంచిలో వస్తువులు పెట్టి పదిమంది తిరిగే చోట వదిలి వెళ్లాలి. ఏ స్లయిడూ దీన్ని సరిచేయలేదు. మేనేజరు గారు ఆ వారంలోనే పేర్లు రాసిన చిన్న ఇనుప పెట్టెలు చేయించి, తాళాలు వారి చేతికే ఇచ్చారు. తాళి విషయం యాజమాన్యం, పనివారు కూర్చుని మాట్లాడుకుని తేల్చుకున్నారు. నల్లపూసల దండ ఇంటిదగ్గరే ఉంచి రావాలి, పసుపుతాడు మెడదాకా గుండీలున్న కోటు లోపల ఉండాలి. గాజులకు, కమ్మలకు, ముక్కుపుడకలకు పెట్టెలు.

శిక్షణ కోరే సంస్థలకు నేను ఈ ఉదాహరణ తప్పక చెబుతాను. మనిషికి తెలియక జరిగే తప్పును శిక్షణ తగ్గిస్తుంది. తెలిసినా వీలులేక జరిగే తప్పుకు పెట్టె కావాలి, కొళాయి కావాలి, సబ్బు కావాలి. ఏది ఏ రకమో తెలుసుకోవడానికి తెరమీద ప్రశ్న వేసి, పనివారు మాట్లాడేదాకా ఓపిక పట్టడం కంటే మంచి మార్గం నాకు కనిపించలేదు. చదివి వినిపించే స్లయిడ్ ఆ అవకాశమే ఇవ్వదు.

గది, వెలుగు, అక్షరం

రేకుల కప్పు ఉన్న క్యాంటీన్, రెండువైపులా కిటికీలు, పక్కనే బాయిలర్ చప్పుడు. మంచి స్లయిడ్ కూడా ఇలాంటి చోట వెలవెలబోతుంది. తెరను కిటికీలకు ఎదురుగా కాకుండా, కిటికీ లేని గోడకు మార్చాం. ఒకేసారి అందరినీ కూర్చోబెట్టడం మానేసి, ఏ లైన్‌వారిని ఆ లైన్‌గా చిన్న జట్లు చేశాం. షిఫ్టు దిగిన తర్వాత కాకుండా, ఎక్కేముందు, పనిగంటల్లోనే, కూలి లెక్కలో కలిపి అరగంటలోపు ముగించాం. ఎనిమిది గంటలు నిలబడి పనిచేసిన మనిషి కళ్లు మూసుకుపోతున్నాయంటే దానికి స్లయిడ్లను నిందించలేం. షిఫ్టు వేళలు మార్చడానికి యాజమాన్యం ఒప్పుకోకపోయుంటే మిగతా శ్రమంతా వృథా అయ్యేది.

తెలుగు అక్షరాల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీనిపై మనవాళ్లు రాసినది తక్కువ. తెలుగులో వత్తులు కిందికి, గుడులు పైకి వెళ్తాయి. ఇంగ్లీషుకు సరిపోయే పంక్తుల ఎడం తెలుగుకు చాలదు, పై పంక్తి వత్తు కింది పంక్తి గుడిని తాకుతుంది. ఎడాన్ని ఒకటిన్నర వరకు పెంచాం. విండోస్‌తో వచ్చే గౌతమి ఖతి (ఫాంట్) గీతలు సన్నగా ఉంటాయి, వెలుగున్న గదిలో ప్రొజెక్టరు మీద అవి కరిగిపోతాయి. ప్రశ్నలకు రామభద్ర వంటి లావు ఖతి, అవసరమైన చోట మాటలకు నోటో సాన్స్ తెలుగు బోల్డ్ వాడాం. ఒక స్లయిడ్‌పై ఏడెనిమిది మాటలు దాటనివ్వలేదు, అక్షరం 40 పాయింట్లకు తగ్గనివ్వలేదు. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. మన లాప్‌టాప్‌లో ఉన్న ఖతి వారి కంప్యూటరులో లేకపోతే అక్షరాలు ఇంకో ఖతిలోకి మారి పంక్తులన్నీ చెదిరిపోతాయి. ఫైలు సేవ్ చేసేటప్పుడు ఖతులను ఫైలులోనే పొదిగే వీలు పవర్‌పాయింట్ ఐచ్ఛికాల్లో ఉంది, దాన్ని ఎంచుకోవాలి. యూనికోడ్ కాని పాత డీటీపీ ఖతుల్లో కొట్టిన వాక్యాలను మాత్రం మళ్లీ కొట్టుకోవలసిందే.

స్లయిడ్లు నడుస్తుండగా కీబోర్డు మీద 'బి' అక్షరం నొక్కితే తెర నల్లబడుతుంది, మళ్లీ నొక్కితే బొమ్మ తిరిగి వస్తుంది. శిక్షకులకు ఇంతకంటే ఉపయోగపడే మీట లేదని నా అభిప్రాయం. తెరమీద బొమ్మ ఉన్నంతసేపూ చూపులు దానిమీదే ఉంటాయి. చర్చ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ జరగాలంటే తెర ఆరిపోవాలి. స్లయిడ్ నంబరు కొట్టి ఎంటర్ నొక్కితే నేరుగా ఆ స్లయిడ్‌కు వెళ్లవచ్చు. కడిగే తొట్టి జట్టుకు ఒక వరుస, డ్రమ్ముల జట్టుకు ఇంకో వరుస కావలసి వచ్చినప్పుడు ఒకే ఫైలుతో పని జరిగింది. కరెంటు పోయిన రోజుకు ముఖ్యమైన ఫోటోలు ఏ3 కాగితాలపై ముద్రించి సిద్ధంగా ఉంచాం, అవి అక్కరకు వచ్చాయి కూడా.

చేతులు కడుక్కోవడం స్లయిడ్లతో చెప్పే విషయం కాదు. దానికి ఒకే ఒక్క స్లయిడ్, వారి కొళాయి ఫోటో. ఆ వెంటనే తెర ఆర్పి, నూనెలో కలిపిన దాల్చినచెక్క పొడిని అందరి చేతులకూ రాయించి, రోజూ కడిగేట్టే సబ్బుతో కడగమన్నాం. గోళ్ల అంచుల్లో, వేళ్ల సందుల్లో, బొటనవేలి వెనక మిగిలిన పొడి ఎవరి చేతిపై వారికే కనిపించింది. పసుపు వాడకపోవడానికి కారణం ఉంది. అది బాగా కడిగిన చేతికి కూడా రంగు అంటించి వదులుతుంది, అప్పుడు సరిగ్గా కడిగినవారికీ కడగనివారికీ తేడా తెలియదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సబ్బుతో చేతులు కడిగే మొత్తం ప్రక్రియకు 40 నుంచి 60 సెకన్లు పడుతుందని చెబుతుంది. గడియారం పెట్టుకుని మళ్లీ కడిగినప్పుడు అంతసేపు ఎంత నిడివో చేతులకే తెలిసింది.

మారినది, మారనిది

శిక్షణ ఫలితాన్ని నాలుగు మెట్లుగా చూడాలని అమెరికా ఆచార్యుడు డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లో ప్రతిపాదించారు: పాల్గొన్నవారికి నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో మారారా, సంస్థకు ఫలితం వచ్చిందా. మన కర్మాగారాల్లో రిజిస్టరు సంతకం దగ్గరే లెక్క ఆగిపోతుంది, అది మొదటి మెట్టు కూడా కాదు. ఇక్కడ మూడో మెట్టును చూడటానికి సూపర్‌వైజర్లు చెప్పకుండా వెళ్లి, ఒక చిన్న పట్టికలో టిక్కులు పెట్టే పద్ధతి మొదలుపెట్టాం. పట్టికలో మనిషి పేరు ఉండదు, చోటు, వేళ మాత్రమే ఉంటాయి. పేరు రాస్తే అది శిక్ష అవుతుంది, సరైన లెక్క రాదు.

గాజుల విషయంలో మార్పు పెట్టెలు వచ్చిన రోజునుంచే కనిపించింది. బెల్టు దగ్గర రెండు షిఫ్టుల తేడా ఫ్లెక్సీ కట్టాక పోయింది, సొన మరక కాయలు చెత్త డబ్బాలో కనిపించడం తగ్గిందని క్వాలిటీవారు చెప్పారు. చేతుల శుభ్రత మొదట్లో బాగుండి, పని ఒత్తిడి పెరిగేకొద్దీ జారింది. ఇది ఆశ్చర్యపడవలసిన విషయం కాదు, నేర్చుకున్నది రోజులు గడిచేకొద్దీ ఎలా జారిపోతుందో జర్మన్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే కొలిచి చూపించారు. మళ్లీ మళ్లీ చదవడం కంటే, చదివినదాన్ని గుర్తుచేసుకునే పరీక్ష పెట్టినప్పుడు వారం తర్వాత ఎక్కువ గుర్తుంటుందని మనోవిజ్ఞాన శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికే 2006లో తమ ప్రయోగాల్లో చూపారు. దాన్ని అనుసరించి, శిక్షణను తిరిగి ఇవ్వడానికి బదులు షిఫ్టు ఎక్కేముందు రెండు మూడు నిమిషాలు ఒకే ఒక ఫోటో, ఒకే ప్రశ్న పెట్టాం. వేళ్లు లేపడం, కారణం ఒకరు చెప్పడం, పనిలోకి వెళ్లడం. ఆ తర్వాత చేతుల పట్టికలో టిక్కులు మళ్లీ పెరిగాయి, అయితే కాయ ముంచెత్తే రోజుల్లో మాత్రం ఇప్పటికీ తగ్గుతున్నాయి. గేటు బయట ట్రాక్టర్లు బారులు తీరి ఉండగా ఒక్కొక్కరికీ నిమిషం సమయం ఇవ్వడం లైన్ వేగాన్ని నిర్ణయించేవారి చేతిలో ఉంది, ఆ మాట యాజమాన్యానికి నివేదికలో రాసి ఇచ్చాను.

సీజన్ నడుమ మేస్త్రీలు కొత్తవారిని తెస్తూనే ఉంటారు, వారికి మొదటి శిక్షణ దొరకదు. ఈ ఖాళీని పూడ్చింది లైన్ సూపర్‌వైజర్లు. ఏ చోటికి వచ్చినవారికి ఆ చోటి నాలుగైదు స్లయిడ్లు ఫోనులోనే చూపి, అదే ప్రశ్నలు అడిగి, జవాబు వచ్చాకే బెల్టు దగ్గరికి పంపడం అలవాటు చేసుకున్నారు. లైసెన్సు ఉన్న ఆహార సంస్థల్లో ప్రతి 25 మంది పనివారికి శిక్షణ పొందిన ఆహార భద్రతా పర్యవేక్షకులు కనీసం ఒకరు ఉండాలని భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ (ఎఫ్ఎస్ఎస్ఏఐ) చెబుతుంది. ఆ పాత్రకు కేటాయించినవారి చేతికే ఈ ఫైలును అప్పగించాం. చెప్పే తీరులో వారు నాకంటే ముందున్నారనే చెప్పాలి, తమిళం మాట్లాడేవారికి తమిళంలోనే అడుగుతారు.

ఇంకా చేయవలసినది కాయ మాగబెట్టే గదుల జట్టుకు. కాల్షియం కార్బైడ్ నిషిద్ధం, ఎథిలిన్ వాయువును 100 పీపీఎం (గాలిలో పదిలక్షల్లో వంద వంతులు) దాకా వాడవచ్చు అన్నంతవరకు వారికి తెలుసు. అయితే ఆ గదుల్లో ప్రమాదం కాయలో లేదు, గాలిలో ఉంది. మాగుతున్న కాయ వదిలే కార్బన్ డయాక్సైడ్ తలుపులు మూసిన గదిలో పేరుకుపోతుంది, ఎనిమిది గంటల పనికి దాని పరిమితి 5,000 పీపీఎం. ఎథిలిన్ గాలిలో 2.7 శాతానికి చేరితే నిప్పురవ్వకు అంటుకుంటుంది. కుళ్లిన కాయను ఫోటో తీసినట్టు వీటిని తీయలేం. అందుకని గది బయట ఉండే మీటరునే బొమ్మగా పెట్టాలని అనుకున్నాం. నాలుగు వేర్వేరు అంకెలు చూపే మీటరు ఫోటోలు, పక్కన మూసిన తలుపు, ప్రశ్న "లోపలికి వెళ్తారా, తలుపు తీసి ఆగుతారా?" ఆ ఫోటోలు గదులు నడుస్తున్నప్పుడే తీయాలి కాబట్టి వచ్చే సీజన్ తొలి లోడు కాయ దిగినప్పుడు తీయడానికి క్వాలిటీ విభాగంతో మాట్లాడి పెట్టుకున్నాం. మీటరు లేని రెండు పాత గదులకు మీటర్లు అమర్చే పని అంతకంటే ముందే పూర్తి చేయాలని నివేదికలో మొదటి అంశంగా రాశాను.